నిద్రమాత్ర సంగతి తర్వాత, ముందు మీ తమ్ముణ్ని చూడండి

ప్రశ్న: నమస్తే డాక్టరుగారండీ. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా ఊళ్లోనే ఉండి చుట్టుపక్కల లంకలన్నిటికీ వైద్యం చేసిన డాక్టరుగారు పది రోజుల కిందట ఆత్మహత్య చేసుకున్నారు. ఫీజు ఇంత అని ఎప్పుడూ అడిగి ఎరగరు. ఎందుకిలా చేశారో ఎవరికీ అంతుబట్టడం లేదండి. మా అమ్మకు 64 ఏళ్లు, బీపీ, షుగరు ఉన్నాయి. ఆయన రాసిచ్చిన మాత్రలు చూస్తేనే ఏడుపొస్తోందని వేసుకోవడం మానేసింది. రాత్రంతా కూర్చునే ఉంటోంది. మెడికల్ షాపులో అడిగితే ఆల్ప్రాజోలం 0.25 ఇచ్చారు. నాలుగు రోజులకు అది పనిచేయడం లేదంటే 0.5 ఇచ్చారు. ఇప్పుడు దానికీ నిద్ర రావడం లేదు. రెండు వేయొచ్చా? మా తమ్ముడు డాక్టరుగారి దగ్గరే పదకొండేళ్లు కాంపౌండరుగా చేశాడు. క్లినిక్ తాళాలు వాడి దగ్గరే ఉన్నాయి. రాత్రిపూట వెళ్లి అక్కడే కూర్చుంటున్నాడు. మందు కూడా మొదలెట్టాడు. "సారు లేని చోట నేనుండి ఏం చేస్తాను" అంటున్నాడు. మగపిల్లాడు, సర్దుకుంటాడులెండి. పెద్దకర్మ రోజు సెంటర్లో సంతాపసభ పెడుతున్నారు, దానికి పిల్లల్ని తీసుకెళ్లొచ్చా?

జవాబు: అమ్మా, మాత్రలు రెండు వేయొద్దు. ఎందుకో కింద రాస్తాను. మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది ఆ మాత్ర కాదు, "సర్దుకుంటాడులెండి" అని ఒక్క ముక్కలో మీరు తేల్చేసిన మీ తమ్ముడు. ఉత్తరం చూడగానే మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలి మానస్ నంబరు మీకు పంపమని డెస్కుకు చెప్పాను. అందకపోతే ఇదిగో: 14416. రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. అతను మాట్లాడనంటే మీరే చేసి అడగవచ్చు.

ఆత్మహత్యతో దగ్గరివాళ్లను పోగొట్టుకున్నవారికి తమకూ ఆ ఆలోచన వచ్చే ప్రమాదం మిగతావారికంటే ఎక్కువ. రోజూ పక్కనే ఉండి కూడా కనిపెట్టలేకపోయానన్న అపరాధభావం వాళ్లను లోపల్లోపలే తినేస్తుంది. మీ తమ్ముడి విషయంలో దానికి మద్యం తోడైంది, ఒంటరితనం తోడైంది, చేతిలో మందుల బీరువా తాళం కూడా ఉంది. పైగా నోటితో అనేశాడు. "ఊరికే అంటున్నాడు" అని కొట్టిపారేసే మాట కాదది.

ఈ రోజే పక్కన కూర్చుని సూటిగా అడగండి: "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది భయపడతారు. అలా జరగదు. తేలికపడి మాట్లాడేవాళ్లే ఎక్కువ. అవునంటే తిట్టకండి, ఏడవకండి, "పిల్లల మొహం చూడరా" అని మొదలుపెట్టకండి. ఎప్పటినుంచి, రోజుకు ఎంతసేపు, ఏదైనా చేయాలని అనుకున్నాడా, అంతవరకు అడిగి వినండి. "అమ్మ మీద ఒట్టు వెయ్యి" అనడం మన ఇళ్లలో మామూలు. ఆ ఒట్టు ప్రాణాన్ని కాపాడదు. ఒట్టు వేసినవాడు మర్నాటి నుంచి ఆ ఆలోచనను మీ దగ్గర దాచడం మొదలుపెడతాడు, అంతే. ఎవరికీ చెప్పనని మీరు కూడా మాటివ్వకండి.

వస్తువులు పంచిపెట్టడం, అప్పగింతల్లా మాట్లాడటం, నిన్నటిదాకా కుమిలిపోయినవాడు కారణం లేకుండా ఒక్కసారిగా ప్రశాంతంగా కనిపించడం, వీటిలో ఏది చూసినా ఆ క్షణం నుంచి ఒంటరిగా వదలకూడదు. బాత్రూముకు వెళ్లినా గడియ పెట్టుకోనివ్వకండి. 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

తాళాలు ఇవాళే తీసుకోండి. లాక్కోవద్దు. "డాక్టరుగారి కుటుంబానికి అప్పగిద్దాం, స్టాకు లెక్క చూడాలి కదా" అని ఇద్దరు పెద్దమనుషులు, ఒక ఫార్మసిస్టు కలిసి వెళ్లి తీసుకుంటే అతనికి అవమానంగా ఉండదు. ఇంట్లో అమ్మగారి మాత్రలు సహా అన్నీ ఒక్కరి దగ్గర తాళంలో ఉండాలి, ఏ పూటది ఆ పూట తీసి ఇవ్వాలి. చేనుకో, కొబ్బరితోటకో, చెరువుకో తెచ్చిన పురుగుమందులు, రసాయనాలు ఇంట్లో ఏ మూలా ఉండకూడదు. అటక మీద దాచడం దాచడం కాదు. వేరేవాళ్ల షెడ్డులో తాళం వేసి, ఆ తాళం ఇంకొకరికి ఇవ్వండి. ఇదంతా చాదస్తమనుకోవద్దు. చనిపోవాలన్న ఉద్ధృతి చాలామందిలో కొద్ది సమయంలోనే తగ్గుతుంది, ఆ సమయంలో చేతికి ఏమీ అందకపోతే మనిషి దక్కుతాడు.

ఎప్పుడైనా, ఎవరైనా ఏదో మింగారని అనుమానం వస్తే, ఏమిటి, ఎంత అని విచారణలు పెట్టకుండా 108కి చేయండి. ఉప్పునీళ్లో, పేడనీళ్లో తాగించి కక్కించొద్దు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మనిషి బాగానే ఉన్నట్టు కనిపించినా వెళ్లాల్సిందే. డబ్బా, ఖాళీ షీటు వెంట తీసుకెళ్లండి. పోలీసు కేసవుతుందని దాచేవాళ్లు ఇంకా ఉన్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 115 ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే లెక్క, అతన్ని శిక్షించకూడదు.

మద్యం దిగులును తగ్గించదు. నిద్రను చెడగొడుతుంది, వెనకాముందు చూసుకునే నిగ్రహాన్ని తీసేస్తుంది. అలాగని, రోజూ తాగుతున్నవాణ్ని గదిలో పెట్టి ఒక్కసారిగా మాన్పించే ప్రయత్నం కూడా వద్దు. చేతులు వణకడం, చెమటలు, ఒక్కోసారి మొదటి రెండు రోజుల్లోనే ఫిట్స్ రావచ్చు. ఎంత తాగుతున్నాడో, ఎన్నాళ్లుగానో డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి.

ఎక్కడికి వెళ్లాలంటే, కాకినాడ ప్రభుత్వ సాధారణ ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది. అమలాపురం, ముమ్మిడివరం, యానాం మీదుగా పొద్దున్నే బయల్దేరితే ఓపీ వేళకు అందుకోవచ్చు. చించినాడ వంతెన దాటి పాలకొల్లు, భీమవరం వైపు వెళ్లడం మీకు తేలికైతే అక్కడి సైకియాట్రిస్టుకు చూపించండి. ఎవరైనా సరే, పెద్దకర్మ అయ్యాక చూద్దామని మాత్రం అనకండి. "కర్మకాండ అయ్యాక", "ఈ అమావాస్య దాటాక", "కోతలయ్యాక" అన్న వాయిదాల వల్ల జరిగే నష్టం ఇంతా అంతా కాదు. పెద్దకర్మకు అతను లేకపోతే లోకం ఏమనుకుంటుందో అని ఆలోచించే సమయం కాదిది.

డాక్టరు యాంటీ డిప్రెసెంట్ రాస్తే అది పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మూడో రోజుకే "గుణం లేదు" అని మానేయకూడదు, బాగైందని ఆర్నెల్లు తిరక్కుండా సొంతంగా ఆపేయనూ కూడదు. మొదటి వారాల్లో చికాకు, అస్థిమితం పెరిగితే వెంటనే ఆ డాక్టరుకే చెప్పండి.

ఇక అమ్మగారు. ఆల్ప్రాజోలం 2014 నుంచి షెడ్యూల్ హెచ్1లో ఉన్న మందు. చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మితే రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, ఇచ్చిన మాత్రల లెక్క వేరే రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. మీకు ఇచ్చినాయన ఎవరి పేరు రాశాడో మరి! బజ్జీలు కట్టిచ్చినంత సులువుగా 0.25 ఇచ్చి, నాలుగు రోజులకు 0.5కు పెంచి చేతిలో పెట్టాడు. మీరు కూడా, చదువుకున్నవారు, అడిగి తెచ్చారు.

64 ఏళ్ల మనిషి ఈ మాత్ర వేసుకుని రాత్రి బాత్రూముకు లేస్తే తూలి పడుతుంది. తుంటి ఎముక విరిగితే ఆపరేషను, మంచం, నెలల తరబడి చాకిరీ. మతిమరుపు, పగటి మగత, అయోమయం కూడా ఉంటాయి. డోసు పెంచుతూ పోతే శరీరం దానికి అలవాటు పడుతుంది. నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ దాకా రావచ్చు. మీ అమ్మగారు వాడింది కొద్ది రోజులే కాబట్టి దించడం తేలికే, అదెలాగో చూసిన డాక్టరు చెబుతారు. ఈలోపు పెంచొద్దు. దగ్గు సిరప్పులు, ఇతర మత్తుమాత్రలు దానితో కలపొద్దు. ఇంకో మాట: ఆ షీటు మీ తమ్ముడికి అందే చోట ఉండకూడదు.

ఆప్తులు పోయిన మొదటి వారాల్లో నిద్ర పట్టకపోవడం జబ్బు కాదు. మధ్యాహ్నం మూడు దాటాక టీ, కాఫీ వద్దు. పగలు పడుకోనివ్వకండి. పొద్దున్నే ఒకే వేళకు లేపి, అరగంట ఎండలో నాలుగడుగులు వేయించండి. రాత్రి ఎవరో ఒకరు అదే గదిలో పడుకోండి. రెండు వారాలు దాటినా దేనిమీదా ఆసక్తి లేకుండా, తిండి మానేసి, తననే నిందించుకుంటూ ఉంటే ఆమెకూ డాక్టరు కావాలి.

నిద్రకంటే తొందరపడాల్సింది ఆమె మానేసిన మాత్రల విషయంలో. రేపే విలేజ్ హెల్త్ క్లినిక్కులోనో పీహెచ్‌సీలోనో బీపీ, పరగడుపు షుగరు చూపించండి. బీపీ 180/110 దాటితే అదే రోజు ఆసుపత్రికి. గుండెనొప్పి, ఆయాసం, మూతి వంకర, చేయి పడిపోవడం కనిపిస్తే 108. మానేసిన రోజులవి కలిపి డబుల్ డోసు వేయొద్దు. ముఖ్యంగా షుగరు మాత్ర షీటు మీద గ్లిమెపిరైడ్ అని ఉందేమో చదవండి. ఉంటే, తిండి తినకుండా ఉన్న మనిషికి అది వేస్తే షుగరు ప్రమాదకరంగా పడిపోతుంది. చూపించకుండా మొదలుపెట్టకండి. చెమట, వణుకు, అయోమయం వచ్చి షుగరు 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ చూడండి. స్పృహలో లేని మనిషి నోట్లో ఏమీ పోయొద్దు.

ఆయన పాత రోగులు ఊళ్లో చాలామంది ఉంటారు కాబట్టి వాళ్లకీ చెబుతున్నాను. ఫిట్స్ మాత్రలు, ఇన్సులిన్, గుండె మందులు, స్టెరాయిడ్లు ఒక్క రోజు కూడా ఆపకూడదు. ఉన్న షీట్లన్నీ, పాత చీటీలతో కలిపి ఒక సంచిలో వేసుకుని పీహెచ్‌సీకి వెళ్లండి. ఇళ్లకొచ్చే ఆశా కార్యకర్తకు చెబితే మంచాన ఉన్నవాళ్ల జాబితా ఆమె ఏఎన్ఎంకు ఇస్తుంది.

ఆయన ఎందుకిలా చేశారని నన్నడిగితే నేను చెప్పలేను, మీ ఊరూ చెప్పలేదు. ఆత్మహత్యకు ఒక్కటే కారణం ఉండటం అరుదు. అప్పులనీ, ఇంట్లో గొడవలనీ కాలువగట్టు మీద కూర్చుని తేల్చేస్తుంటే ఆ మాటలన్నీ వెళ్లి తగిలేది ఆయన భార్యాపిల్లలకే. పరామర్శకు వెళ్లినప్పుడు "ఏం జరిగిందమ్మా" అని ఆరా తీయకండి. క్యారేజీ ఇచ్చి రండి, బ్యాంకు, పంచాయతీ పనులుంటే తోడు వెళ్లండి. ఆవిడ నోరు విప్పితే వినండి. పదమూడో రోజు దాటాక ఎవరూ గుమ్మం తొక్కరు, అప్పుడు వెళ్లేవాళ్లు కావాలి.

సంతాపసభకు పిల్లల్ని తీసుకెళ్లొచ్చు. ముందే నిజం చెప్పండి, వాళ్ల వయసుకు తగ్గ రెండు మాటల్లో: "డాక్టరుగారు మనసుకు బాగా జబ్బు చేసి, తన ప్రాణం తనే తీసుకున్నారు. అది ఎవరి తప్పూ కాదు. నీకెప్పుడైనా మనసు బాగోకపోతే మాకు చెప్పు." గుండెపోటని అబద్ధం చెబితే బళ్లో రెండో రోజుకే అసలు సంగతి తెలుస్తుంది. ఎలా జరిగిందన్న వివరాలు మాత్రం పిల్లలకీ వద్దు, మైకులోనూ వద్దు. "బాధల నుంచి విముక్తి పొందారు", "అమరుడయ్యారు" వంటి మాటలు ఫ్లెక్సీ మీద రాయించకండి. అక్కడే నిలబడి చదివేవాళ్లలో మీ తమ్ముడిలాంటివాళ్లు ఉంటారు. ఆయన వైద్యం గురించి చెప్పుకోండి, ఫ్లెక్సీ అడుగున 14416 వేయించండి. ఆయన పోయిన రోజు ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటే తీసేయమని చెప్పే చనువు మీ ఊరి పెద్దలకు ఉంటుంది.

మనిషిని చూడకుండా ఉత్తరం చదివి రాసిన జవాబిది. డోసులు, మార్పులు పరీక్షించిన డాక్టరే నిర్ణయించాలి. తమ్ముణ్ని తీసుకెళ్లేటప్పుడు అతని ఆధార్ కార్డు, వాడుతున్న మందులేమైనా ఉంటే ఆ షీట్లు పట్టుకెళ్లండి. "సారు లేని చోట నేనుండి ఏం చేస్తాను" అన్న మాట అతను ఏ రోజు, ఎన్నిసార్లు అన్నాడో కాగితం మీద రాసుకుని డాక్టరుకు చూపించండి. అతని ఎదుట మీరు చెప్పలేకపోతే ఆ కాగితం పనికొస్తుంది.