పక్కన వైల్డ్ టైప్ గీశావా?

అమ్మలూ,

"పెద్దమ్మా, మ్యూటెంట్ దొరికింది" అని రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టావు. ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం ఇస్తే తప్ప పెరగని, జీన్ మారిన బాక్టీరియా. ఆ సంతోషంలో నిద్ర పట్టదని నాకు తెలుసు. నిన్ను ఆపాలని కాదు గానీ, గైడ్‌కి చెప్పేముందు ఈ ఉత్తరం ఒకసారి చదువు.

నాకూ నీ వయసులో ఒక మ్యూటెంట్ దొరికింది. చక్కెర, లవణాలు మాత్రమే ఉండే మినిమల్ ప్లేట్లకి ఒక్కో అమైనో ఆమ్లం కలిపి, వాటి మీద దాన్ని గీస్తూ, అంటే గీతలుగా పూస్తూ పోయాను. వేలిన్ ఉన్న ప్లేట్‌లో మాత్రం పెరగలేదు. కొత్త జీన్ పట్టేశానని మూడు నెలలు దాని వెంటే తిరిగాను. ఒకరోజు ల్యాబ్‌లో ఒక సీనియర్ అక్క ఆ ప్లేట్‌ని వెలుతురుకి పెట్టి చూసి, "పక్కన వైల్డ్ టైప్ ఏదమ్మా?" అంది. వైల్డ్ టైప్ అంటే మార్పు రాని అసలు స్ట్రెయిన్, అంటే అసలు బాక్టీరియా రకం. నేను దాన్ని గీయలేదు. ఆ సాయంత్రమే ప్లేట్‌ని మార్కర్‌తో రెండు భాగాలు చేసి, ఒకవైపు మ్యూటెంట్, ఒకవైపు వైల్డ్ టైప్ గీశాను. పొద్దున 37 డిగ్రీల ఇంక్యుబేటర్ తెరిచి చూస్తే రెండువైపులా ఖాళీ. ప్లేట్ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

నేను వాడిన బాక్టీరియా ఈ.కోలై కే-12. దాని స్వభావమే అది. వేలిన్, ఐసోల్యూసిన్ రెండిటి తయారీకీ ఒకే ఎంజైమ్ మెట్టు ఉంది. వేలిన్ ఎక్కువైతే ఆ ఎంజైమ్ ఆగిపోతుంది. వేలిన్‌కి లొంగని ఇంకో రకం ఎంజైమ్ కూడా ఉండేదే గానీ, కే-12లో దాన్ని తయారుచేసే ఐఎల్‌వీజీ జీన్ ఫ్రేమ్‌షిఫ్ట్‌తో, అంటే చదివే వరస తప్పి, చెడిపోయింది. అందుకే చుట్టూ వేలిన్ ఉన్నా అది ఐసోల్యూసిన్ లేక అలమటిస్తుంది. కాస్త ఐసోల్యూసిన్ కలిపితే పెరుగుతుంది. ఈ సంగతి పుస్తకాల్లో ఉంది, నేనూ చదివాను. కానీ చేత్తో ఆ ప్లేట్ పట్టుకునేదాకా నాకది ఎక్కలేదు.

నువ్వు వాడుతున్నదీ కే-12 సంతతే. 1922లో స్టాన్‌ఫర్డ్‌లో ఒక రోగి నుంచి తీసిన బాక్టీరియా అది. 1946లో లెడర్‌బర్గ్, టేటమ్ బాక్టీరియా మధ్య జీన్ల మార్పిడి జరుగుతుందని చూపించింది దీనితోనే. ఒకే పోషకం అవసరమైన స్ట్రెయిన్ తనంతట తానే మామూలుగా మారిపోవచ్చని, ఒక్కోటి ఒకటికి మించి పోషకాలు కోరే స్ట్రెయిన్లను తీసుకున్నారు. వాటిని విడివిడిగా కూడా ప్లేట్ చేసి చూశారు. ఆ జాగ్రత్త లేకపోతే వాళ్ల మాట ఎవరు నమ్మేవారు?

ఇక నీ ఆర్జినిన్ మ్యూటెంట్. ముందు పోషకాలు దండిగా ఉండే ఎల్‌బీ ప్లేట్ మీద, ఒకే కణం నుంచి పుట్టిన విడి కాలనీ వచ్చేలా రెండుసార్లు గీయి. ఓవర్‌నైట్ కల్చర్‌ని సెలైన్‌తో కడగకుండా మినిమల్ ప్లేట్ మీద వేయకు. ఎల్‌బీలోని అమైనో ఆమ్లాలు వెంట వస్తే మ్యూటెంట్ కూడా పల్చగా పెరిగి నిన్ను మోసం చేస్తుంది. మే నెలలో మన హైదరాబాద్ ఎండకి ప్లేట్ల మూతలకి చెమ్మ పడుతుంది, ఆరబెట్టకపోతే కాలనీలు కలిసిపోతాయి. గ్లిసరాల్ కలిపి గడ్డకట్టించి దాచే స్టాక్‌ని రెండు ఫ్రీజర్లలో పెట్టు.

అన్నిటికంటే ముఖ్యమైనది పీ1 ట్రాన్స్‌డక్షన్, అంటే పీ1 అనే ఫేజ్ (బాక్టీరియాకి సోకే వైరస్) చేత జీన్లు మోయించడం. మ్యూటేషన్‌ని కడిగిన ముత్యం లాంటి కొత్త స్ట్రెయిన్‌లోకి తరలించు. ఆ ఫేజ్ ఒక్కసారికి మోసేది డీఎన్ఏలో దాదాపు లక్ష బేస్ జతలే, 46 లక్షల జీనోమ్‌లో చిన్న ముక్క. ఆ ముక్కతో పాటే లక్షణం కూడా వస్తే, లోపం అక్కడే ఉంది. రాకపోతే ఇంకెక్కడో ఏదో చెడిందన్నమాట. దీనికి పది రోజులు పడుతుంది. ఆ పది రోజుల టెన్షన్ పడు తల్లీ, పర్వాలేదు.

ఆర్జినిన్ లేని ప్లేట్ మీద రెండో రోజుకి అక్కడక్కడా ఒకటో రెండో కాలనీలు కనిపించవచ్చు. కంటామినేషన్ అని పారేయకు, విడిగా తీసి దాచు. వాటిలో కొన్ని, మొదటి లోపం అలాగే ఉన్నా ఇంకో చోట మార్పు వచ్చి బతికినవి కావచ్చు. నాకు ఇష్టమైన జెనెటిక్స్ అంతా ఆ కాలనీల్లోనే ఉంది.

ఆదివారం తార్నాక రా. వైల్డ్ టైప్ పక్కన గీసిన ప్లేట్ ఫోటోలు తెచ్చుకో, ఇద్దరం కలిసి చూద్దాం.

నీ పెద్దమ్మ