5, 10 మైక్రాన్ల పూసలు స్పైరల్ ఛానల్‌లో ఎందుకు విడిపోవడం లేదు?

చిప్‌లో చుట్టలు తిరిగిన సన్నటి నీటి దారి, అంటే మీ స్పైరల్ ఛానల్, వెడల్పు 500 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), ఎత్తు 100 అన్నారు, సిరంజి పంప్ స్పీడు ఎంత మార్చినా రెండు సైజుల పూసలూ రెండు అవుట్‌లెట్లలోనూ కలిసే వస్తున్నాయన్నారు. పంప్ సంగతి తర్వాత చూద్దాం. ఆ 100 మీరు కొలిచిందా, డ్రాయింగ్‌లో ఉన్నదా?

ఎం.ఎస్సీ ప్రాజెక్టులో నాకు అచ్చం ఇదే జరిగింది. మాది గుణుపూర్, చదివింది బరంపురంలో. నెలన్నర స్పీడు మారుస్తూనే గడిచిపోయింది, గైడ్‌కి ఏం చూపించాలా అని ఒకటే టెన్షన్. చివరికి ల్యాబ్‌లో సీనియర్ అక్క ఒకామె చిప్‌ను బ్లేడుతో అడ్డంగా కోసి, ఆ ముక్కను నిలబెట్టి మైక్రోస్కోప్ కింద చూడమంది. చిప్ చేసిన పీడీఎంఎస్ (ఒక రకం సిలికోన్ రబ్బరు) జున్నుముక్కలా తెగింది. కోసిన వైపు ఛానల్ సన్నటి దీర్ఘచతురస్రంలా కనిపించింది, స్కేలు పెట్టి కొలిస్తే ఎత్తు 140. అచ్చు చేసినప్పుడే పొర మందంగా పడిందన్నమాట.

ఆ 40 మైక్రాన్లే కొంప ముంచాయి. పూస సైజును ఛానల్ ఎత్తుతో భాగిస్తే సుమారు 0.07 అయినా రావాలి, అప్పుడే అది ఒక వరసలో నిలుస్తుంది. ఎత్తు 100 అయితే 10 మైక్రాన్ల పూసకు 0.1 వస్తుంది కాబట్టి నిలుస్తుంది, 5 మైక్రాన్లదానికి 0.05 కాబట్టి నీటితోపాటు తిరుగుతుంది. 140లో పెద్దదానికీ 0.071 మాత్రమే, అంటే సరిగ్గా హద్దు మీదే. పైగా పీడీఎంఎస్ సాగేది, స్పీడు పెంచేకొద్దీ ప్రెషర్‌కి ఉబ్బి ఎత్తు ఇంకా పెరుగుతుంది, నేను రోజూ చేసింది అదే.

మా వంశధార మలుపు తిరిగేచోట లోపలి ఒడ్డునే ఇసుక మేట వేస్తుంది, ఎందుకంటే పైనీరు బయటి ఒడ్డుకు తోసుకుపోతే అడుగునీరు లోపలికి మళ్లుతూ ఇసుకను తెచ్చి వదులుతుంది. స్పైరల్‌లోనూ నీరు ఇలాగే అడ్డంగా సుడి తిరుగుతుంది, దాన్నే డీన్ ప్రవాహం అంటారు. కాకపోతే ఇక్కడ పెద్ద పూసను లోపలి గోడ పక్కన ఆపేది దాని బరువు కాదు, ప్రవాహంలో పుట్టి పూసను పక్కకు తోసే బలం, లిఫ్ట్. తిన్నటి గొట్టంలో కూడా ఈ లిఫ్ట్ వల్లే రేణువులు మధ్యకూ గోడకూ నడుమ వలయంలా చేరతాయి, సెగ్రే, సిల్బర్‌బర్గ్ అనే శాస్త్రవేత్తలు 1961లోనే చూపించారు.

ఎత్తు నిజంగా 100 ఉంటే నిమిషానికి 1 మిల్లీలీటరుతో మొదలుపెట్టండి, రెనాల్డ్స్ సంఖ్య (ప్రవాహ వేగపు జోరు నీటి జిగట కన్నా ఎన్ని రెట్లో చెప్పేది) 55 దగ్గర ఉంటుంది. సబ్బులాంటి ట్వీన్ 20 కొంచెం కలపండి, లేకపోతే పూసలు ఒకదానికొకటి అంటుకుని జంటగా పోతాయి, జంట పెద్ద పూసలా నడుస్తుంది. సిరంజిని మధ్యమధ్యలో తిప్పుతూ ఉండండి, 10 మైక్రాన్ల పాలిస్టైరిన్ పూస అరగంటలో దాదాపు 5 మిల్లీమీటర్లు దిగిపోతుంది.

రక్తంతో ఎప్పుడు చేయొచ్చు అని కూడా అడిగారు. మా వైపు సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు ఉన్న కుటుంబాలను చూస్తూ పెరిగాను, అందుకే నాకూ ఆ తొందర ఉండేది. కానీ పూసలు వరసగా మూడు చిప్‌లలో విడిపోయేదాకా రక్తం ముట్టుకోకండి, దాన్ని బాగా పలచన చేయకపోతే కణాలు ఒకదాన్నొకటి తోసుకుని వరస చెదిరిపోతుంది, అప్పుడు తప్పు చిప్‌దో రక్తానిదో తేల్చుకోలేరు.

ముందు ఒక పాత చిప్ కోసి ఎత్తు ఎంత వచ్చిందో ఇక్కడ రాయండి, అచ్చు మళ్లీ చేయాలా వద్దా దాన్నిబట్టి చెబుతాను.