సెప్టెంబర్ 28న పుట్టిన మా బిడ్డ, మూసీ ఒడ్డున చింతచెట్టు

"మా బాబు పుట్టినరోజు అక్టోబర్ 14, ఆ తేదీన చరిత్రలో ఏం జరిగిందో చార్ట్ చేసి తెమ్మన్నరు స్కూల్లో, నెట్‌ల చూస్తే బారెడు లిస్టు ఉంది, ఏవి పెట్టాలె" అని అడిగిండ్రు కదా. మా ఇంట్ల రెండేళ్ళు వరసగా ఇదే పంచాయితీ నడిచింది, అందుకే రాస్తున్న.

మా బిడ్డ సెప్టెంబర్ 28న పుట్టింది. నాలుగో క్లాసుల నెట్‌ల దొరికిన లిస్టే ప్రింట్ తీసిచ్చిన, ప్రేయర్‌ల చదివి వచ్చింది, దసరా సెలవుల్ల అడిగితే ఒక్కటి యాదికి లేదు. దాని తప్పేం లేదు, ఎక్కడి రాజులో ఎక్కడి యుద్ధాలో, నాకే నోరు తిరగలె. అయిదో క్లాసుల మళ్ళీ అదే లిస్టు తీస్తుంటే మా అత్తమ్మ పక్కన కూసోని "మూసీ పొంగింది కూడా అదే రోజు కదనే, అది రాసిండ్రా?" అన్నది. చూస్తే లేదు. అత్తమ్మ పుట్టిల్లు ధూల్‌పేట, వాళ్ళింట్ల పాతోళ్ళు ఆ వరదని తుగ్యానీ అనేటోళ్ళంట. 1908 సెప్టెంబర్ 28, సోమవారం. పదిహేను వేల మంది దాకా పోయిండ్రని చెప్తరు, అఫ్జల్‌గంజ్, చాదర్‌ఘాట్, ముసల్లంజంగ్ వంతెనలు మూడూ కొట్టుకపోయినయ్. మన ఊరికి ఇంత పెద్ద కష్టమొచ్చిన రోజు ఆ లిస్టుల లేకపోవుడు నాకు చాలా బాధనిపించింది.

ఆ ఆదివారం నేనూ బిడ్డా బస్సెక్కి అఫ్జల్‌గంజ్‌ల దిగి ఉస్మానియా ఆస్పత్రి లోపలికి పోయినం. ఆడ పాత చింతచెట్టు ఉంది కదా, వరదప్పుడు నూట యాభై మంది దాకా దాని కొమ్మలు పట్టుకొని పానాలు దక్కించుకున్నరని చెప్పుకునే చెట్టు. మా బిడ్డ మొదట నమ్మలేదు. "నూట యాభై మందా, మా స్కూల్ల మూడు సెక్షన్లు మమ్మీ" అని కొమ్మల దిక్కు వేలు పెట్టి ఎవరెవరు ఏ కొమ్మ మీద పడతరో లెక్కేసుడు మొదలువెట్టింది, తన దోస్తుల పేర్లు చెప్పుకుంట. మధ్యల ఆగి, "మరి చెయ్యి నొస్తే?" అని అడిగింది. నేనేం చెప్పలె, దగ్గరికి తీసుకున్న. అమ్జద్ హైదరాబాదీ అని గొప్ప ఉర్దూ కవి, ఆ వరదల తల్లినీ భార్యనీ బిడ్డనీ పోగొట్టుకున్నడు, ఆయన ఒక్కడే బతికిండు. ఆ మాట వచ్చేటప్పుడు బస్సుల చెప్పిన.

తర్వాత మళ్ళా వరద రాకుండ ఇంజనీర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించుడు, ఆయన చెప్పినట్టు 1920ల గండిపేట, 1927ల హిమాయత్ సాగర్ చెరువులు కట్టుడు, ఇవన్నీ దానంతట అదే అడిగి రాసుకున్నది. మనం తాగిన నీళ్ళు ఆ రోజు వల్లనే వచ్చినయని దానికి అర్థమైంది.

ఇంకోటి కూడా పెట్టినం. కుక్క కాటుకు వేసే రేబిస్ టీకా కనిపెట్టిన లూయీ పాశ్చర్ చనిపోయింది 1895 సెప్టెంబర్ 28, అందుకే ఆ రోజు ప్రపంచ రేబిస్ దినం చేస్తరు. ఇది మాకు ఊరికే ఎక్కలె. దానికి తొమ్మిదేళ్ళప్పుడు మా గల్లీల కుక్క పిక్క పట్టింది, టీకాలకు నారాయణగూడల ఐపీఎం అనే సర్కారు సంస్థకి నాలుగు సార్లు తిప్పిన, మొదటి రోజు, మళ్ళా 3, 7, 28 రోజులకు. 1885ల పాశ్చర్ మొట్టమొదట టీకా వేయించిన పిల్లగాడు జోసెఫ్ మైస్టర్‌కి కూడా తొమ్మిదేళ్ళే. అది వినంగనే పిక్క మీద మచ్చ చూసుకున్నది. జాషువా గారు పుట్టింది కూడా సరిగ్గా ఆ 1895 సెప్టెంబర్ 28నే, వినుకొండల. లతా మంగేష్కర్‌ని అత్తమ్మ కోసం పెట్టినం. భగత్ సింగ్‌ది మాత్రం కొన్ని చోట్ల 27 కొన్ని చోట్ల 28 అని ఉంటది, అట్ల తేడా ఉన్నవి వదిలేయండి, టీచర్ అడిగితే పిల్లలు నిలబడాలె. నిజాం జమానా సంగతులైతే ఇంకా జాగ్రత్త, అప్పటి కాగితాల్ల హిజ్రీ, ఫస్లీ అనే వేరే క్యాలెండర్ల తేదీలుంటయ్.

ఇక మీ అక్టోబర్ 14కి వస్తే, 1956ల అదే రోజు నాగ్‌పూర్‌ల అంబేడ్కర్ గారు లక్షల మందితోని బౌద్ధం తీసుకున్నరు. హుస్సేన్ సాగర్ పక్కన 125 అడుగుల విగ్రహం కాడికి బాబుని తీసుకపోయి ఈ సంగతి ఆడ చెప్పండి. రెండోది, 2020 అక్టోబర్ 13 రాత్రి పడ్డ వాన తెల్లారి 14కి హైదరాబాద్‌ని ముంచింది, హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తిండ్రు, మూసీ మళ్ళీ పొంగింది. మూసారాంబాగ్, చైతన్యపురి దిక్కు మీకు తెలిసినోళ్ళు ఎవరన్నా ఉంటే పోయి అడగండి, నీళ్ళు ఇంట్ల ఎంత మట్టం దాకా వచ్చినయో గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తరు. బాబుని ఆ గోడకు ఆనిచ్చి నిలబెట్టి, నీళ్ళు వాని భుజం దాకానా తల దాటి పైకా అనేది చాక్‌పీస్‌తో గీసి ఫోటో తీయండి, చార్ట్ మధ్యల అదే అతికించండి.