సోలార్ ప్యానెల్ వెనుక మైనం: ఈ ప్రాజెక్టుతో ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది టెక్కలి. మా అమ్మాయి మెకానికల్ ఇంజనీరింగ్ చివరి సంవత్సరం. వేడిని దాచుకునే పదార్థాలతో హైబ్రిడ్ సోలార్ ప్యానెల్ సామర్థ్యాన్ని పెంచే ప్రాజెక్టు ఎంచుకుంది. బంధువులు సాఫ్ట్‌వేర్ కోర్సు చేయించమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ప్రాజెక్టు మార్పించకండి. కరెంటునూ వేడినీళ్లనూ కలిపి ఇచ్చే ఈ ప్యానెళ్ల మార్కెట్ మన దేశంలో ఇంకా చిన్నదే కాబట్టి, నేరుగా ఆ పేరుతో ఉద్యోగాలు దొరకడం కష్టం. కానీ ఇందులో పట్టుబడే ఉష్ణ ప్రసార విద్య విద్యుత్ వాహనాల బ్యాటరీలకు, శీతల గిడ్డంగులకు, డేటా సెంటర్లకు కావాలి.

సిలికాన్ ప్యానెల్ 25 డిగ్రీలు దాటాక డిగ్రీకి సుమారు 0.3 నుంచి 0.5 శాతం ఉత్పత్తి తగ్గుతుంది. మే మధ్యాహ్నం అది 65 డిగ్రీలకు చేరితే దాదాపు ఆరో వంతు పోయినట్టే. ఆ వేడిని పీల్చుకోవడానికి వెనుక పారఫిన్ మైనం నింపుతారు; అది కరుగుతూ వేడిని తనలో దాచుకుంటుంది. కిలో మైనం కరగడానికి సుమారు 200 కిలోజౌళ్లు పడుతుంది. చదరపు మీటరుకు 10 కిలోలు పెట్టినా, సెకనుకు 500 జౌళ్ల వేడి దిగుతుంటే గంట దాటి కాసేపటికే అంతా కరిగిపోతుంది. అక్కడి నుంచి నీళ్లు పారించి వేడిని లాగాల్సిందే. ఈ లెక్క మీ అమ్మాయి తనంతట తాను వేసిందా? అడిగి చూడండి.

అసలు చిక్కు మన తీరప్రాంత వాతావరణంలో ఉంది. 30 డిగ్రీల దగ్గర కరిగే పదార్థం మన ఉక్కపోత రాత్రుల్లో పూర్తిగా గడ్డకట్టదు, మర్నాడు పనిచేయదు. 55 దగ్గర కరిగేదైతే నష్టం జరిగాక గానీ మేల్కొనదు. మైనంలో వేడి నెమ్మదిగా పాకుతుంది కనుక అల్యూమినియం రెక్కలు గానీ గ్రాఫైట్ గానీ కలపాలి. మైనం ఉన్న ప్యానెల్‌నూ లేనిదాన్నీ పక్కపక్కన పెట్టి, మార్చి, ఏప్రిల్ ఎండల్లో థర్మోకపుల్స్‌తో (ఉష్ణోగ్రత కొలిచే తీగలతో) కొలిచి, టెక్కలికి ఏ ద్రవీభవన స్థానం సరిపోతుందో చెప్పగలిగితే ఏ ఇంటర్వ్యూలోనైనా ఆమె మాట వింటారు. నాకు ఈ ప్రాజెక్టులో అన్నిటికన్నా నచ్చేది ఈ ప్రశ్నే.

వీలైతే పలాస జీడిపప్పు పరిశ్రమ ఒకటి చూపించండి. పప్పు ఆరబెట్టడానికి ఈ ప్యానెళ్ల వేడి ఒక్కటే చాలదు గానీ, గాలిని ముందుగా వెచ్చబరచడానికి పనికొస్తుంది.

బంధువుల మాటలోనూ కొంత పస ఉంది. కొలతలను విశ్లేషించడానికి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోమనండి. ఐఐటీ బొంబాయి, ఐఐటీ ఢిల్లీలలో ఇంధన శాస్త్రానికి ప్రత్యేక విభాగాలున్నాయి. వాటిలో ఎంటెక్‌కు గేట్ అనే ప్రవేశ పరీక్ష స్కోరు కావాలి. చివరి సంవత్సరంలో ఉండగానే రాయవచ్చు. దరఖాస్తులు సాధారణంగా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో, పరీక్ష ఫిబ్రవరిలో.