బొమ్మ వెనక ఏం జరిగిందో అడిగేటప్పుడు

తమ్ముడూ,

నీ డ్రాఫ్ట్ రెండుసార్లు చదివా. ఆర్టిస్టుల చేత వాళ్ల బొమ్మల గురించీ ఫొటోల గురించీ మాట్లాడించి రాయడం మంచి ఐడియానే, కానీ నీ నలుగురు ఆర్టిస్టులూ ఒకేలా మాట్లాడుతున్నారేంట్రా, అందరికీ లోపల ఏదో కదిలింది, అందరికీ వెలుగు మాయలా పడింది. వాళ్లు అలా అనే ఉంటారులే. నువ్వు "దీని వెనక కథేంటి" అని అడిగావు, కథ అడిగితే కథే చెప్తారు మరి, అంతకుముందు పదిమందికి చెప్పీ చెప్పీ నున్నగా అయిపోయిన కథ.

చిన్నచిన్నవి అడుగు. ఆ రోజు అసలు ఏ పని మీద బయటికెళ్లారు, కెమెరాకి అప్పటికే ఏ లెన్స్ ఉంది, పక్కనున్నవాళ్లు విసుక్కున్నారా, కాన్వాస్ మీద ముందు వేసి తర్వాత గీకేసింది ఏంటి. పెయింటర్ వాన్ గో 1888లో నైట్ కేఫ్ బొమ్మ వేశాక తమ్ముడు తియోకి రాసిన ఉత్తరంలో ఎరుపూ ఆకుపచ్చా మనిషిలోని భయంకరమైన కోరికల గురించని పెద్ద మాటలు ఉంటాయి, నిజమే, కానీ అదే ఉత్తరంలో మూడు రాత్రులు మేలుకుని వేసి పగలు పడుకున్నాననీ, ఓనర్ నా దగ్గర బోలెడు డబ్బు గుంజాడు కాబట్టి వాడి కొంపని బొమ్మేసి వసూలు చేసుకుంటున్నాననీ ఉంటుంది. నాకు ఆ బొమ్మలో మనిషి కనపడింది ఈ రెండో ముక్కతోనే.

అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ "మూన్‌రైజ్" ఫొటో కథ కూడా ఇలాంటిదే, ఓ పల్లె, దాని సమాధులు, పైన చంద్రుడు ఉన్న ఫొటో అది. ఇంకాసేపట్లో ఎండ పోతుంది, వెలుగు కొలిచే లైట్ మీటర్ కనపడట్లేదు, చంద్రుడి వెలుగు ఎంతుంటుందో లెక్క గుర్తుంది కాబట్టి దాంతోనే ఫిల్మ్ మీద ఎంత వెలుగు పడాలనే ఎక్స్‌పోజర్ అంచనా వేసి ఒక్క షాట్ తీశాడు, రెండోది తీసేలోపే సమాధుల శిలువల మీద ఎండ పోయింది. ఇంత వివరంగా గుర్తున్న మనిషికి ఏ సంవత్సరమో మాత్రం గుర్తులేదు, ఒక్కోచోట ఒక్కో సంవత్సరం వేశాడు. ఆఖరికి చంద్రుడున్న చోటుని బట్టి ఖగోళ లెక్కలు వేసి 1941 నవంబర్ 1 అని తేల్చారు. చేతులు చేసిన పని గుర్తుంటుంది, క్యాలెండర్ గుర్తుండదు, నువ్వు ప్రశ్నలు రాసుకునేటప్పుడు ఇది చూసుకో.

ఇంకో పెద్ద విషయం, ఫొటోలో ఉన్నవాళ్లు. 1936లో అమెరికన్ ఫొటోగ్రాఫర్ డొరోథియా లాంగ్ బఠాణీ కూలీల క్యాంప్ బోర్డు చూసి కూడా ఆగకుండా ఇరవై మైళ్లు వెళ్లిపోయి, మనసొప్పక కారు వెనక్కి తిప్పి ఆ క్యాంపులో పిల్లలతో ఉన్న ఒక తల్లిని ఫొటో తీసింది, అదే "మైగ్రెంట్ మదర్". అప్పుడు జరిగింది తను రాసింది 1960లో. ఆ తల్లి పేరు అడగలేదని తనే ఒప్పుకుంది, వాళ్లు కారు టైర్లు అమ్మి తిండి కొనుక్కున్నారని కూడా రాసింది. 1978లో ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అనే ఆవిడ ఆ తల్లిని నేనేనంటూ బయటికొచ్చింది, ఆ ఫొటో తీయకుండా ఉంటే బాగుండేది, దానివల్ల నాకు ఒక్క పెన్నీ రాలేదంది. టైర్లు అమ్మడం అనేదే జరగలేదని ఆవిడ కుటుంబం అంది. లాంగ్ కావాలని అబద్ధం రాసిందని నేననుకోను, నెల రోజులు వరసగా అలాంటి క్యాంపులే చూసింది, ఒకళ్ల సంగతి ఇంకొకళ్లకి అతుక్కుని ఉంటుంది. ఇద్దరి మాటలూ పక్కపక్కన పెట్టు, ఎవరిది కరెక్టో తేల్చేసే జడ్జివి అవ్వక్కర్లేదు.

పెయింటర్లతో అయితే "ఆ క్షణం" అనే మాటనే నమ్మకు. అమెరికన్ పెయింటర్ ఆండ్రూ వయెత్ 1948 నాటి "క్రిస్టినాస్ వరల్డ్" చూడు, నడవలేక గడ్డిలో పాకుతూ వెళ్తున్న పొరుగావిడ క్రిస్టినాని కిటికీలోంచి చూసిందీ నిజమే, బొమ్మలో శరీరానికి తన భార్య బెట్సీని కూర్చోబెట్టుకున్నదీ నిజమే. అప్పటికి క్రిస్టినాకి యాభై దాటాయి, బొమ్మలో కనపడే శరీరం ఆ వయసుది కాదు.

సరే, నీ డ్రాఫ్ట్‌లో మూడో ఆవిడ, వానలో బస్టాప్ ఫొటో తీసినావిడ, బస్సు మిస్సయ్యి చిరాకులో ఉన్నానని ఒక్క లైన్ అంది చూడు, దాన్ని నువ్వు కింద ఎక్కడో పారేశావు, పైకి తీసుకురా. మళ్లీ ఫోన్ చేసి ఆ సాయంత్రం తీసిన మిగతా ఫ్రేములన్నీ చూపించమను, పనికిరావని పక్కన పడేసినవి కూడా, వాటిని చూస్తూ మాట్లాడించు. మిగిలిన ముగ్గురి సంగతి అది చదివాక చెప్తా.