టెక్ సందేహాలు: చెరిపేసిన గీతలు కూడా కనబడాలంటే?

ప్రశ్న: ఫైన్ ఆర్ట్స్ ప్రాజెక్టు కోసం చిన్న డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేస్తున్నాను. బొమ్మతో పాటు అది ఎలా రూపుదిద్దుకుందో, గీసేవారు ఎక్కడ తడబడ్డారో, ఏం చెరిపారో కూడా చూసేవారికి తెలియాలి. బ్రౌజర్‌లో బొమ్మలు గీయించే కోడ్ లైబ్రరీ పీ5.జేఎస్ కొద్దిగా వచ్చు. స్క్రీన్ రికార్డింగ్ సరిపోతుందా?

జవాబు: సరిపోదు. వీడియోలోంచి ఒక గీతను విడిగా బయటికి తీయలేరు, అది ఎంత ఒత్తిడితో పడిందో తెలుసుకోలేరు. మీరు భద్రపరచాల్సింది చేతి కదలికను. పెన్ను తాకిన ప్రతి బిందువుకూ నాలుగు అంకెలు చాలు: ఉదాహరణకు ఎక్స్ (అడ్డంగా స్థానం) 112, వై (నిలువుగా స్థానం) 340, సమయం 1860 మిల్లీసెకన్లు, ఒత్తిడి (0 నుంచి 1 లోపు) 0.42. ఒక్కో అంకెకు 4 బైట్లు, సెకనుకు 60 బిందువులు అనుకుంటే, గంటసేపు పెన్ను ఎత్తకుండా గీసినా 3.5 ఎంబీ దాటదు. గూగుల్ తన 'క్విక్, డ్రా!' ఆటలో పోగైన 5 కోట్ల బొమ్మలను 2017లో ఇలాగే విడుదల చేసింది. ముడి ఫైళ్లలో ఎక్స్, వై, సమయం ఉంటాయి, ఒత్తిడి ఉండదు. ఒక పిల్లి బొమ్మను తెరిచి చూడండి. చెవులు ముందు గీశారా, మీసాలు ముందు గీశారా అన్నది అంకెలే చెప్పేస్తాయి.

అసలు కిటుకు అన్‌డూ దగ్గర ఉంది. చాలా ప్రోగ్రాముల్లో అన్‌డూ నొక్కి కొత్త గీత గీస్తే పాతది ఇక దొరకదు. మీ దాంట్లో అన్‌డూ, రబ్బరు కూడా జాబితా చివర చేరే నమోదులే కావాలి. వెనకటిది ఏదీ తుడిచిపెట్టకూడదు. అప్పుడు చెరిపిన గీతలను లేత రంగులో మళ్లీ చూపించవచ్చు. అయితే గీస్తున్నంతసేపూ వాటిని దాచే ఉంచండి. తప్పులన్నీ ఎదురుగా కనబడుతుంటే ఎవరికైనా చెయ్యి ఆడదు.

ఆగిన సమయాన్ని కూడా కత్తిరించకండి. గీసిన క్రమాన్ని వేగంగా చూపే టైమ్‌ల్యాప్స్ వీడియోలు చూడముచ్చటగానే ఉంటాయి కానీ, పెన్ను ఎత్తి బొమ్మ ముక్కు వైపు చూస్తూ కూర్చున్న ఆ అరనిమిషం వాటిలో మాయమైపోతుంది. మీ ప్రాజెక్టుకు ప్రాణం అక్కడే ఉందని నా అభిప్రాయం.

కోడ్ విషయానికొస్తే, మౌస్ ఎక్కడుందో చెప్పే పీ5లోని మౌస్ఎక్స్, మౌస్‌వై ఒత్తిడిని చెప్పవు. బ్రౌజర్‌లోని పాయింటర్ ఈవెంట్స్ (మౌస్, పెన్ను, వేలి కదలికలను కోడ్‌కు చెప్పే సదుపాయం) వాడండి. మౌస్‌తో గీస్తే ఒత్తిడి ఎప్పుడూ 0.5 అనే వస్తుంది, కంగారు పడకండి. గీసే చోటైన కాన్వాస్‌కు, పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్‌లో టచ్-యాక్షన్ నన్ పెట్టకపోతే వేలితో గీస్తుండగానే పేజీ జరిగిపోయి గీత మధ్యలో తెగిపోతుంది. బ్రష్‌లో రాండమ్ (యాదృచ్ఛిక అంకెలు) వాడితే, ఆ అంకెల వరుసను నిర్ణయించే సీడ్ సంఖ్యను కూడా భద్రపరచండి. లేదంటే రీప్లే చేసిన ప్రతిసారీ మచ్చలు వేరేగా పడతాయి, అది మీరు గీసిన బొమ్మ కాకుండా పోతుంది.

ప్రశ్న: బొమ్మ నేనే గీశానని పోటీ నిర్వాహకులు రుజువు అడుగుతున్నారు. ఐప్యాడ్‌లో ప్రోక్రియేట్‌తో గీశాను.

జవాబు: ప్రోక్రియేట్‌లో టైమ్‌ల్యాప్స్ రికార్డింగ్ మొదటి నుంచీ ఆన్‌లోనే ఉంటుంది. మీరు ఆపకపోతే యాక్షన్స్ మెనూలోని వీడియో విభాగంలో దొరుకుతుంది. మొత్తం నిడివితోనో, 30 సెకన్లకు కుదించో పంపవచ్చు. కంప్యూటర్‌లో గీసేవారికి ఉచితంగా దొరికే క్రిటా అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో 5.0 వెర్షన్ నుంచి రికార్డర్ డాకర్ (గీస్తున్నది రికార్డు చేసే ప్యానెల్) ఇచ్చారు, కానీ గీయడం మొదలుపెట్టే ముందే ఆన్ చేసుకోవాలి.