కొత్త లెక్చరర్లకు పాఠం చెప్పడంలో సాయపడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

స్టూడెంట్ ఫీడ్‌బ్యాక్ తక్కువ వచ్చిన ముగ్గురు కొత్త అసిస్టెంట్ ప్రొఫెసర్లను ప్రిన్సిపాల్ గారు మీకు అప్పగించారనీ, క్లాసుకు వచ్చి కూర్చుంటానంటే వాళ్లు ముఖం ముడుచుకుంటున్నారనీ రాశారు. ఇంజినీరింగ్ కాలేజీలో తొమ్మిదేళ్లుగా నేను చేస్తున్నది ఈ పనే.

ముందు ప్రిన్సిపాల్ గారి దగ్గర ఒక మాట తీసుకోండి. క్లాసులో మీరు చూసింది మీకూ ఆ లెక్చరర్‌కూ మధ్యే ఉండాలి, అప్రైజల్ ఫైల్లోకి వెళ్లకూడదు. ఆ మాట ఇవ్వకపోతే ఈ బాధ్యత తీసుకోకండి. మొదటి ఏడాది నేను ఒక మేడమ్ క్లాసుకు 20 అంశాల ఫారం పట్టుకెళ్లి, ఒక్కోదానికి మార్కులు వేసి, కాపీ హెచ్ఓడీకి ఇచ్చాను. ఇంక్రిమెంట్ల సమయంలో ఆ కాగితం బయటికొచ్చింది. ఆ మేడమ్ మళ్లీ నాతో పాఠం గురించి మాట్లాడలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

వెనక బెంచీలో కూర్చున్నాక పిల్లల నోట్సులు చూడండి. ఒకసారి సివిల్ సెకండియర్‌లో స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ క్లాసు. లెక్చరర్ కుర్రవాడే, సబ్జెక్టులో దిట్ట. బోర్డు నిండా బెండింగ్ మొమెంట్ (బరువు దూలాన్ని వంచే ప్రభావం) లెక్క చేసి "అర్థమైందా?" అన్నాడు. "అయింది సార్" అని క్లాసంతా ఒకటే గొంతు. నా పక్కన కూర్చున్న అబ్బాయి నోట్సులో మాత్రం సింప్లీ సపోర్టెడ్ బీమ్ (రెండు చివర్లా ఊరికే ఆనించిన దూలం) చివర, సున్నా ఉండాల్సిన చోట, ఏదో అంకె ఉంది. క్లాసయ్యాక తెలుగులో అడిగితే "అక్కడ సపోర్టు దూలాన్ని తిరగనిస్తుంది కదా సార్, సున్నానే" అన్నాడు. పిల్లాడికి విషయం తెలుసు. అది చెప్పడానికి క్లాసులో వాడికి సందు దొరకలేదు, అంతే.

సాయంత్రం టీ తాగుతూ ఆ లెక్చరర్‌కు ఇదొక్కటే చెప్పాను. బోర్డు రాత, గొంతు, ఇంగ్లిష్, వీటి జోలికి పోలేదు. ఒక్కసారికి ఒక్క మార్పు చాలు. ప్రశ్న అడిగాక టీచర్లు మామూలుగా ఒక సెకను మించి ఆగరనీ, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెద్దవవుతాయనీ, నోరు విప్పేవాళ్లు పెరుగుతారనీ అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలోనే చూపించారు. అందుకని "అర్థమైందా" మానేసి, డయాగ్రమ్ గీసే ముందు "చివర మొమెంట్ ఎంత ఉంటుంది, ఎందుకు? ముందు మీ నోట్సులో రాయండి, తెలుగులోనైనా పర్లేదు" అని అడిగి ఆగాలనుకున్నాం. మర్నాడు ఫోన్ చేసి "ఆ మూడు సెకన్లూ చాలా టెన్షన్ పడ్డాను సార్" అన్నాడు. రెండు వారాలయ్యాక తనే వచ్చి, మళ్లీ ఒకసారి క్లాసుకు రమ్మని పిలిచాడు.

సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ వాళ్ల ఎన్ఐటీటీటీ అనే టీచర్ల ఆన్‌లైన్ శిక్షణ కోర్సులో ఎనిమిది మాడ్యూళ్లు ఉన్నాయి, మీ లెక్చరర్లతో చేయించండి, మంచివే. అయితే ఒక లెక్చరర్‌కు తన క్లాసులో పిల్లాడి నోట్సులో ఏముందో ఏ వీడియో చూపించలేదు.

ఇంకొకటి. వాళ్ల క్లాసుకు వెళ్లే ముందు మీ క్లాసుకు వాళ్లను పిలవండి. మీకు కాస్త కష్టమనిపించే చాప్టర్ చెప్పే రోజున పిలిచి, పిల్లలు ఎక్కడ రాయడం ఆపేశారో చూసి చెప్పమనండి.